పారాప్సిలోసిస్ సముదాయం: జాతి పేరు తేల్చడం ముందా, ఫ్లూకొనజోల్ ఎంఐసీ ముందా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీ బోధనాసుపత్రిలోని నవజాత శిశువుల ఐసీయూ నుంచి కొద్ది వారాల వ్యవధిలో వచ్చిన రక్తం కల్చర్లలో ఈస్ట్ పెరిగింది. సూక్ష్మజీవులను గుర్తించే వైటెక్-2 యంత్రం అన్నింటినీ కాండిడా పారాప్సిలోసిస్ అనే చూపింది. ఇవి నిజంగా పారాప్సిలోసిస్‌లేనా, లేక దానికి బాగా దగ్గరి జాతులైన ఆర్థోప్సిలోసిస్, మెటాప్సిలోసిస్‌లా అన్నది తేల్చాలా, తేలిస్తే మందు మారుతుందా, ఈ జాతుల వ్యాప్తి ఎక్కడెక్కడ ఎలా ఉంది అని అడిగారు.

నా అభిప్రాయం ఇది. మీ దగ్గర మాల్డీ-టాఫ్ (ప్రోటీన్ల ఆధారంగా జాతిని గుర్తించే యంత్రం) ఉంటే మూడు జాతులనూ వేరు చేయండి, దానివల్ల లాభమే తప్ప నష్టం లేదు. అయితే ఆ పని కోసం మందుల సస్సెప్టిబిలిటీ పరీక్షను, అంటే ఈస్ట్ పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదును (ఎంఐసీ) చూడటాన్ని, ఒక్క రోజు కూడా ఆపకండి. ఈనాడు ఈ మూడు జాతుల మధ్య కనిపించే తేడా కంటే, అసలు పారాప్సిలోసిస్ అనే ఒకే జాతికి చెందిన రెండు ఐసోలేట్ల (రోగుల నమూనాల నుంచి వేరు చేసి పెంచిన ఈస్ట్‌ల) మధ్య కనిపించే తేడా చాలా ఎక్కువ. చికిత్సను మార్చేది ఆ రెండో తేడాయే.

ఈ ఈస్ట్‌ను 1928లో ప్యూర్టోరికోలో ఆష్‌ఫర్డ్ అనే వైద్యుడు మొదట వర్ణించాడు. చాలా కాలం దీన్ని పెద్దగా హాని చేయని జీవిగానే చూశారు. జన్యు పరీక్షలు వచ్చాక ఇందులో మూడు గుంపులు ఉన్నట్టు తేలింది. చాలా ఏళ్లు వాటిని ఒకటి, రెండు, మూడు అని అంకెలతోనే పిలిచారు. 2005లో టవాంటి బృందం అనేక జన్యువుల క్రమాలను పోల్చి చూసి, రెండో గుంపును కాండిడా ఆర్థోప్సిలోసిస్‌గా, మూడో గుంపును కాండిడా మెటాప్సిలోసిస్‌గా ప్రత్యేక జాతులుగా ప్రతిపాదించింది. పెట్రీ ప్లేటు మీద కాలనీలు చూసిగానీ, చక్కెరలను వాడుకునే తీరు చూసిగానీ ఈ మూడింటినీ నమ్మకంగా విడదీయలేము. మీ వైటెక్-2 కార్డు పనిచేసేది జీవరసాయన చర్యల ఆధారంగానే కనుక, అది ఇచ్చే పేరును 'పారాప్సిలోసిస్ సముదాయం' అని చదువుకోవాలి. రిపోర్టులో కూడా ఆ 'సముదాయం' అన్న మాట చేర్చడం నిజాయతీ అనిపించుకుంటుంది.

మాల్డీ-టాఫ్ లేకపోయినా, పీసీఆర్ సౌకర్యం ఉన్న ప్రయోగశాల ఈ పనిని తక్కువ ఖర్చుతో చేసుకోవచ్చు. ఎస్ఏడీహెచ్ అనే జన్యువులోని 716 బేస్ జతల ముక్కను పీసీఆర్‌తో పెంచి, బాన్-1 అనే రిస్ట్రిక్షన్ ఎంజైముతో కోస్తారు. అసలు పారాప్సిలోసిస్ అయితే ఆ ముక్క రెండుగా తెగుతుంది, మెటాప్సిలోసిస్ అయితే నాలుగుగా తెగుతుంది, ఆర్థోప్సిలోసిస్ అయితే అసలు తెగదు. జెల్ మీద కంటికి స్పష్టంగా కనిపించే ఈ పద్ధతి 2005 నాటి పరిశోధనలోనే వచ్చింది, ఇప్పటికీ పనికివస్తుంది. తెగకపోవడాన్ని ఆర్థోప్సిలోసిస్‌కు రుజువుగా తీసుకుంటున్నాము కనుక, ఎంజైము పాడైపోయినా అదే ఫలితం వస్తుందని గుర్తుంచుకుని, ప్రతిసారీ తెగే స్ట్రెయిన్ (జాతిలోని ఒక నిర్దిష్ట రకం) ఒకదాన్ని పోలిక కోసం పక్కన పెట్టుకోవాలి.

వ్యాప్తి విషయానికి వస్తే, ప్రపంచమంతటా రక్తం నుంచి వేరు చేసిన ఈ సముదాయపు ఐసోలేట్లలో దాదాపు పదింట తొమ్మిది అసలు పారాప్సిలోసిస్‌లే. ఆర్టెమిస్ అంతర్జాతీయ నిఘా కార్యక్రమంలో సేకరించిన ఐసోలేట్లను లాక్‌హార్ట్ బృందం తిరిగి పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో అసలు పారాప్సిలోసిస్ 91 శాతం, ఆర్థోప్సిలోసిస్ 6 శాతం, మెటాప్సిలోసిస్ 2 శాతం లోపు ఉన్నాయి. స్పెయిన్ దేశవ్యాప్త సర్వేలోనూ ఇంచుమించు అదే చిత్రం కనిపించింది: 90.7, 8.2, 1.1 శాతాలు. దక్షిణ అమెరికాలో ఆర్థోప్సిలోసిస్ వాటా కాస్త ఎక్కువ. మెటాప్సిలోసిస్ రక్తంలో అరుదు. ప్రయోగశాలలో మానవ కణజాల నమూనాల మీద పరీక్షించినప్పుడు మిగతా రెండింటి కంటే అది తక్కువ నష్టం కలిగించింది. ఆర్థోప్సిలోసిస్, మెటాప్సిలోసిస్‌ల జన్యు సమాచారాన్ని పూర్తిగా చదివినప్పుడు మరో సంగతి బయటపడింది. రోగుల నుంచి వేరు చేసిన ఐసోలేట్లలో చాలా వరకు రెండు వేర్వేరు వంశాల కలయికతో పుట్టిన సంకరాలే. వ్యాధి కలిగించే శక్తి ఆ సంకరత్వం వల్లే వచ్చిందా అన్నది ఇప్పుడు పరిశోధకులను ఆకర్షిస్తున్న ప్రశ్న. దానికి మీ వార్డుతో నేరుగా సంబంధం లేకపోయినా, ఈ జాతుల సరిహద్దులు మనం అనుకున్నంత గట్టివి కావని అది తెలియజేస్తుంది.

మన దేశంలో మొత్తం చిత్రాన్ని కూడా దృష్టిలో ఉంచుకోండి. చండీగఢ్‌లోని వైద్య విద్యా పరిశోధన సంస్థ పీజీఐకి చెందిన చక్రబర్తి బృందం దేశంలోని 27 ఐసీయూలలో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో అగ్రస్థానం కాండిడా ట్రాపికాలిస్‌ది, 41.6 శాతం. ఐరోపాలో, అమెరికాలో కనిపించే క్రమానికి ఇది భిన్నం. పారాప్సిలోసిస్ వాటా దాదాపు 11 శాతం. అయితే ఈ సగటు నవజాత శిశువుల వార్డుకు సరిపోదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు సెంట్రల్ లైన్లు (పెద్ద సిరలో అమర్చే గొట్టాలు), సిరల ద్వారా పోషకాహారం, దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ అన్నీ ఒకేచోట కలుస్తాయి. పారాప్సిలోసిస్ ప్లాస్టిక్ గొట్టాల మీద బయోఫిల్మ్ (జిగురు పొర) కట్టడంలోనూ, గ్లూకోజ్ అధికంగా ఉన్న ద్రవాలలో పెరగడంలోనూ దిట్ట. కాండిడా ఆల్బికాన్స్ అనే మరో జాతి సాధారణంగా రోగి సొంత పేగుల నుంచి రక్తంలోకి వస్తుంది. పారాప్సిలోసిస్ మాత్రం చాలా సందర్భాలలో వైద్యసిబ్బంది చేతుల మీదుగా వస్తుంది. ఒకే వార్డులో కొద్ది వారాలలో అనేక కేసులు రావడం ఈ ఈస్ట్ స్వభావానికి తగినదే, అందుకే ఆందోళన కలిగించేది కూడా.

ఇక మందులు. ఎకైనోకాండిన్‌లు అనే ఫంగస్ మందుల వర్గం నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ గందరగోళం కనిపిస్తుంది. ఈ సముదాయంలోని మూడు జాతులలోనూ, ఎకైనోకాండిన్ పనిచేసే ఎఫ్‌కేఎస్-1 ఎంజైములో 660వ స్థానంలో ప్రోలీన్‌కు బదులు అలనైన్ సహజంగానే ఉంటుంది. ఇది కొత్తగా వచ్చిన ఉత్పరివర్తన కాదు, పుట్టుకతో వచ్చినది. దానివల్ల మైకాఫంగిన్, కాస్పోఫంగిన్, అనిడులాఫంగిన్ ఎంఐసీలు ఆల్బికాన్స్‌తో పోలిస్తే ఎక్కువగా వస్తాయి. ప్రయోగశాల పరీక్షలకు ప్రమాణాలు రూపొందించే సీఎల్ఎస్ఐ సంస్థ ఈ తేడాను లెక్కలోకి తీసుకునే బ్రేక్‌పాయింట్లు (మందుకు లొంగుతుందా లేదా అని తేల్చే ఎంఐసీ హద్దులు) పెట్టింది: ఆల్బికాన్స్‌కు 0.25 మైక్రోగ్రాముల వరకు మాత్రమే 'లొంగుతుంది' అంటే, పారాప్సిలోసిస్‌కు మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల వరకు అలాగే అంటారు. కనుక 1 అనే ఎంఐసీ చూసి, ఆల్బికాన్స్ పట్టికతో పోల్చి, నిరోధకత అని రాసేస్తే అది తప్పుడు రిపోర్టు అవుతుంది. మూడు జాతులలోనూ ఆ మార్పు ఉన్నా, చాలా అధ్యయనాలలో ఆర్థోప్సిలోసిస్, మెటాప్సిలోసిస్‌ల ఎకైనోకాండిన్ ఎంఐసీలు అసలు పారాప్సిలోసిస్ కంటే కొంత తక్కువగానే కనిపించాయి. ఆంఫోటెరిసిన్-బికి మూడూ సాధారణంగా లొంగుతాయి. అజోల్ వర్గపు మందు ఫ్లూకొనజోల్ దగ్గర మెటాప్సిలోసిస్ ఎంఐసీ ఒకటి రెండు మెట్లు పైన ఉండటం తరచూ చూస్తాము. సీఎల్ఎస్ఐ క్లినికల్ బ్రేక్‌పాయింట్లు అసలు పారాప్సిలోసిస్‌కు ఉద్దేశించినవి. వాటిని మిగతా రెండింటికి వర్తింపజేస్తున్నప్పుడు ఆ సంగతి రిపోర్టు కింద ఒక వాక్యంలో రాయాలి. జాతులను వేరు చేయడం వల్ల చికిత్సలో కలిగే ప్రయోజనం దాదాపు ఇంతవరకే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పారాప్సిలోసిస్ అంటే ఫ్లూకొనజోల్‌కు లొంగుతుందని ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాము, పుస్తకాలలో చదివాము. పాత మార్గదర్శకాలు దీనికి ఫ్లూకొనజోల్‌నే మొదటి ఎంపికగా చూపించాయి కూడా. ఆ నమ్మకానికి ఇప్పుడు కాలం చెల్లింది. దక్షిణాఫ్రికాలో 2009-10 నాటి నిఘాలోనే పారాప్సిలోసిస్ ఐసోలేట్లలో సగానికి పైగా ఫ్లూకొనజోల్‌కు లొంగలేదు. ఆ తరువాత కువైట్, అమెరికా, దక్షిణ కొరియా, బ్రెజిల్, ఇటలీ, టర్కీ, స్పెయిన్‌ల నుంచి ఒకదాని వెంట ఒకటిగా ఇలాంటి నివేదికలు వచ్చాయి. మన దేశంలో అనేక కేంద్రాల నుంచి సేకరించిన ఐసోలేట్ల మీద 2019లో ప్రచురితమైన నిఘా అధ్యయనం, ఫ్లూకొనజోల్ నిరోధక పారాప్సిలోసిస్ క్లోన్ల (ఒకే మూలం నుంచి వచ్చిన నకళ్ల) రూపంలో వ్యాపిస్తోందని స్పష్టంగా చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన ప్రాధాన్య ఫంగస్‌ల జాబితాలో పారాప్సిలోసిస్‌ను 'అధిక ప్రాధాన్య' వర్గంలో చేర్చింది.

ఈ నిరోధకతకు మూలం ఎక్కువ సందర్భాలలో ఈఆర్‌జీ-11 జన్యువులోని వై132ఎఫ్ అనే ఒకే ఒక్క మార్పు, అంటే 132వ స్థానంలో టైరోసిన్ పోయి ఫినైలలనైన్ చేరడం. ఫంగస్ కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీలో పాల్గొనే ఎంజైము ఈ జన్యువు నుంచే వస్తుంది, అజోల్ మందులు అతుక్కునేది దానికే. ఆ టైరోసిన్ ఫ్లూకొనజోల్, వోరికొనజోల్ వంటి పొట్టి అణువులను పట్టి ఉంచడంలో తోడ్పడుతుంది. అది పోగానే ఆ పట్టు సడలుతుంది. పోసాకొనజోల్, ఇట్రాకొనజోల్‌లకు పొడవైన తోక ఉండి ఎంజైములో మరింత లోపలి దాకా అతుక్కుంటాయి కనుక వాటి మీద ఈ మార్పు ప్రభావం తక్కువ. అందువల్ల ఫ్లూకొనజోల్‌కు లొంగని ఐసోలేట్ కనబడినప్పుడు వోరికొనజోల్‌కు మారడం సరైన పరిష్కారం కాకపోవచ్చు, దాని ఎంఐసీని విడిగా చూసి తీరాలి. కే143ఆర్ వంటి ఇతర మార్పులు, మందును కణం బయటికి నెట్టే పంపుల ఉధృతి కూడా ఉన్నాయి గానీ, వార్డులలో ఒకరి నుంచి ఒకరికి వ్యాపించే క్లోన్లలో ఎక్కువగా కనిపించేది వై132ఎఫ్‌యే.

ఈ నిరోధకత సాధారణంగా మనకు అలవాటైన దారిలో రావడం లేదు. ఒక రోగికి ఫ్లూకొనజోల్ ఎక్కువకాలం ఇవ్వడం వల్ల అతని శరీరంలోనే ఈస్ట్ మారిపోవడం ఒక పద్ధతి. ఇక్కడ మాత్రం ఫ్లూకొనజోల్ అసలు తీసుకోని రోగులకు కూడా నిరోధక స్ట్రెయిన్ నేరుగా సోకుతోంది. మైక్రోశాటిలైట్ టైపింగ్ (జన్యు సమాచారంలో పదేపదే వచ్చే చిన్న ముక్కలను పోల్చే పద్ధతి) చేసినప్పుడు వేర్వేరు రోగుల ఐసోలేట్లు ఒకే గుంపులో పడుతున్నాయి. ఆర్థోప్సిలోసిస్‌లో కూడా అజోల్ నిరోధకత నివేదికలు వచ్చాయి కనుక, జాతి పేరు తెలిసినంత మాత్రాన ఫ్లూకొనజోల్ పనిచేస్తుందనిగానీ చేయదనిగానీ చెప్పలేము. ఒక ఎంఐసీ 0.5, మరొక ఎంఐసీ 64 ఉన్న రెండు ఐసోలేట్లకు ఒకే పేరు ఉన్నప్పుడు, ఆ పేరును నమ్ముకుని పసిబిడ్డకు మందు రాయడం న్యాయం కాదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే 'పారాప్సిలోసిస్ కదా, ఫ్లూకొనజోల్ సరిపోతుంది' అన్న మాట ఇప్పటికీ చాలా వార్డులలో వినిపిస్తోంది.

సముదాయం లోపలి మూడు జాతులను వేరు చేయడం కంటే, సముదాయం బయటి నుంచి ఆ పేరుతో చొరబడే వాటిని పట్టుకోవడం ముఖ్యం. అలాంటి వాటిలో రెండింటిని ప్రత్యేకంగా చెబుతాను. మొదటిది లోడెరోమైసెస్ ఎలాంగిస్పోరస్. జీవరసాయన పద్ధతులు దీన్ని పారాప్సిలోసిస్‌గా పొరబడటం ఎన్నోసార్లు జరిగింది. ఢిల్లీలోని ఒక నవజాత శిశువుల ఐసీయూలో ఇది రక్తంలో ఇన్ఫెక్షన్ల గుంపుకు కారణమైనట్టు 2023లో ప్రచురితమైంది కనుక మీ వార్డుకు ఇది దూరపు సంగతి కాదు. క్రోమ్ అగార్ (జాతిని బట్టి కాలనీలకు రంగు వచ్చే పోషక మాధ్యమం) మీద పారాప్సిలోసిస్ లేత గులాబీ లేదా తెల్లటి కాలనీలుగా వస్తే, లోడెరోమైసెస్ నీలి ఆకుపచ్చ ఛాయలో వస్తుంది. ఆ ఒక్క రంగు తేడా చూసైనా అనుమానించవచ్చు. అదృష్టవశాత్తు ఇది సాధారణంగా అన్ని మందులకూ లొంగుతుంది.

రెండోది కాండిడా ఆరిస్, దీని విషయంలో పేరు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి వర్ణించిన ఈ జాతిని మన దేశంలో ఢిల్లీ పరిశోధకులు 2013లో రక్త ఇన్ఫెక్షన్లలో నివేదించారు. మన దేశపు ఐసోలేట్లలో దాదాపు 90 శాతం ఫ్లూకొనజోల్‌కు లొంగవు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న వైటెక్-2 దీన్ని కాండిడా హీములోనిగా చూపేది. మరికొన్ని యంత్రాలు పారాప్సిలోసిస్‌గా కూడా చూపుతాయి. దీనికి ఒక సులభమైన పరీక్ష ఉంది. కార్న్‌మీల్ అగార్ మీద పారాప్సిలోసిస్ సాధారణంగా సూడోహైఫేలు (గొలుసులా అతుక్కున్న పొడవాటి కణాలు) పెంచుతుంది, ఆరిస్ సాధారణంగా పెంచదు. సూడోహైఫేలు లేని 'పారాప్సిలోసిస్'ను ఆరిస్ కాదని తేలేదాకా ఆరిస్‌గానే భావించి ఆ శిశువును విడిగా ఉంచాలి. దగ్గరి జాతుల మధ్య తేడా తేల్చడం నిజంగా చికిత్సను మార్చేది ఇలాంటి చోటే. ఈమధ్య దీన్ని కాండిడోజైమా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. వార్డు వైద్యులు తికమక పడకుండా రిపోర్టులో కొన్నాళ్లు రెండు పేర్లూ ఇవ్వడం మంచిది.

కాండిడా గ్లాబ్రాటా అనే మరో ఈస్ట్ సముదాయంలోని నివారియెన్సిస్, బ్రకారెన్సిస్ జాతుల గురించి కూడా మీరు ఒక ముక్క అడిగారు. అవి అరుదు, క్రోమ్ అగార్ మీద తెల్లగా వచ్చిన గ్లాబ్రాటాను చూస్తే వాటిని గుర్తు చేసుకోండి, ఎంఐసీ చేయించండి, అంతకుమించి ఇక్కడ చెప్పవలసింది లేదు.

మీ వార్డు విషయంలో నేనైతే ఇలా చేస్తాను. దాచి ఉంచిన అన్ని రక్తపు ఐసోలేట్లకూ వెంటనే ఫ్లూకొనజోల్, వోరికొనజోల్, ఒక ఎకైనోకాండిన్, ఆంఫోటెరిసిన్-బి ఎంఐసీలు చూస్తాను. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవ మాధ్యమంలో ఎంఐసీ కొలిచే పద్ధతి) చేయలేకపోతే, 2 శాతం గ్లూకోజ్, మిథిలీన్ బ్లూ కలిపిన ముల్లర్-హింటన్ అగార్ మీద 25 మైక్రోగ్రాముల ఫ్లూకొనజోల్ డిస్కు పెట్టి 24 గంటలకు చదవడం కూడా ప్రామాణిక పద్ధతే. జోన్ (డిస్కు చుట్టూ పెరుగుదల ఆగిన వలయపు వ్యాసం) 17 మిల్లీమీటర్లు లేదా అంతకు మించితే లొంగుతున్నట్టు, 13 లేదా అంతకు తక్కువైతే నిరోధకత ఉన్నట్టు. జోన్ అంచున సన్నగా మిగిలిన పెరుగుదలను చూసి నిరోధకత అనుకోకూడదు, పెరుగుదల గణనీయంగా తగ్గే చోటే కొలవాలి. అదృష్టం ఏమిటంటే నాణ్యతా నియంత్రణకు వాడే ఏటీసీసీ 22019 స్ట్రెయిన్ స్వయంగా పారాప్సిలోసిస్‌యే, దాన్ని ప్రతి బ్యాచ్‌తో పాటు పెట్టండి. కాస్పోఫంగిన్ ఎంఐసీలు ప్రయోగశాలను బట్టి చాలా మారిపోతాయి, కనుక ఎకైనోకాండిన్‌ల ప్రతినిధిగా మైకాఫంగిన్ లేదా అనిడులాఫంగిన్ మేలు.

ఫలితాలు వచ్చేదాకా చికిత్స ఆగదు కదా. నవజాత శిశువులలో రోజుకు కిలోకు 1 మిల్లీగ్రాము ఆంఫోటెరిసిన్-బి డియాక్సీకోలేట్ మొదటి ఎంపికగా మార్గదర్శకాలలో ఉంది. ఫ్లూకొనజోల్‌ను ప్రొఫిలాక్సిస్‌గా (నివారణ కోసం ముందుగానే) అందుకుంటున్న శిశువుకు మళ్లీ ఫ్లూకొనజోల్‌తోనే చికిత్స మొదలుపెట్టకూడదు. సెంట్రల్ లైను తీయగలిగితే తీసేయమని శిశువైద్యులకు నొక్కి చెప్పండి. బయోఫిల్మ్ కట్టిన లైను అక్కడే ఉంటే, ఎంఐసీ ఎంత తక్కువగా ఉన్నా కల్చరు మళ్లీ పాజిటివ్ వస్తుంది. వెన్నునీటి పరీక్ష, కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి. రక్తం శుభ్రపడిందని చూపే కల్చరు వచ్చిన రోజు నుంచి రెండు వారాలు లెక్కపెట్టాలి, మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు. ఈ చివరి విషయంలో వార్డులో తరచూ పొరపాటు జరుగుతుంది కనుక, మొదటి నెగటివ్ కల్చర్ తేదీని మీ రిపోర్టులోనే స్పష్టంగా రాయండి.

ఒక్క ఐసోలేట్ అయినా ఫ్లూకొనజోల్‌కు లొంగకపోతే, దాన్ని ఒక రోగి సమస్యగా కాక వార్డు సమస్యగా తీసుకోండి. సిబ్బంది చేతుల నుంచి, వార్మర్ పట్టాల నుంచి, పోషక ద్రవాలు కలిపే బల్ల నుంచి, ట్రాలీల నుంచి శాంపిల్స్ తీయండి. చేతుల నుంచి వచ్చే ఫలితాలను వ్యక్తుల పేర్లతో బయటపెట్టకండి. అలా చేస్తే తరువాతిసారి ఎవరూ శాంపిల్ ఇవ్వరు. నీళ్ల కొళాయిలు, చేతులు శుభ్రం చేసుకునే ఆల్కహాల్ ద్రావణం ప్రతి వార్మర్ పక్కన చేతికి అందేలా ఉన్నాయో లేదో మీరు స్వయంగా వెళ్లి చూడండి. ఐసోలేట్లన్నింటినీ గ్లిసరాల్‌లో మైనస్ 70 డిగ్రీల వద్ద దాచి, రెండు మూడింటిని చండీగఢ్ పీజీఐలోని జాతీయ వ్యాధికారక ఫంగస్‌ల సేకరణ కేంద్రానికి పంపండి. జాతి నిర్ధారణ, ఈఆర్‌జీ-11 క్రమం, టైపింగ్ మీ దగ్గర సాధ్యం కాకపోతే అక్కడ అడగవచ్చు. పంపేటప్పుడు రోగి వివరాల స్థానంలో కోడ్ వాడి, శాంపిల్ తీసిన తేదీ, వార్డు, ఆ శిశువు అంతకుముందు అందుకున్న ఫంగస్ మందులు మాత్రం తప్పకుండా రాయండి. ఫ్లూకొనజోల్ ముట్టని శిశువులోని ఐసోలేట్‌లో వై132ఎఫ్ కనబడితే, స్ట్రెయిన్ బయటి నుంచి ఆ శిశువుకు చేరిందని అనుమానించడానికి బలమైన ఆధారం దొరికినట్టే. అక్కడి నుంచి మీ వార్డులోని దారిని వెతకడం మొదలుపెట్టవచ్చు.